చిత్తము నెరవేరడమంటే మనస్సు నెరవేరడమా?

సందేహం: క్రైస్తవుల ప్రార్థనలో ‘నీ చిత్తము నెరవేరును గాక’ అని ఉన్నది. చిత్తమంటే మనస్సని చదువుకొన్నాము. చిత్తశుద్ధి, చిత్తచాంచల్యము వంటి మాటలలో అర్థమదే. మరి మనస్సు నెరవేరడమేమిటి? ‘ఇచ్ఛ’ అని ఉండవలసిన చోట అనువాదకులు పొరబడ్డారా? అలాగే ‘దేవునికి లొంగిపోవడం’, ‘దేవునికి అప్పగించుకోవడం’ అనే రెండింటిలో ఏది సరియైన ప్రయోగం?

సమాధానం: పొరపాటు లేదు. పైగా ఆ మాటను ఎన్నుకొన్నవారికి తెలుగు నానుడి బాగా తెలుసునని నా అభిప్రాయం. ‘చిత్’ ధాతువు నుండి వచ్చిన చిత్త శబ్దానికి సంస్కృతంలో తెలివి, మనస్సు అనే అర్థాలే ప్రధానమన్న మీ మాట నిజమే. అయితే తెలుగులో ఆ శబ్దం పెద్దల సముఖానికి చేరి మరొక అర్థాన్ని గట్టి చేసుకొన్నది. దొర ఎదుట చేతులు కట్టుకొని నిలిచినవాడు ‘చిత్తం’ అన్నప్పుడు అతడు చెప్పేది మనస్సును గురించి కాదు. ‘తమ చిత్తమెట్లో అట్లే’ అనే నిండు వాక్యంలో అది మిగిలిన ముక్క. ‘మీ చిత్తం, నా భాగ్యం’ అనే నానుడిలోనూ, పాత ఉత్తరాలలోని ‘చిత్తగించవలెను’ అనే మర్యాదలోనూ ఉన్నది ఈ చిత్తమే. అంటే పై వాని నిర్ణయాన్ని క్రింది వాడు గౌరవంతో పేర్కొనే మాట ఇది. కోరిక నెరవేరినట్లే ఈ అర్థంలో చిత్తమూ నెరవేరుతుంది.

‘ఇచ్ఛ’ అనువాదకులకు తెలియనిది కాదు. యోహాను సువార్త 1:13లో ‘శరీరేచ్ఛ’, ‘మానుషేచ్ఛ’ అని వారే వ్రాశారు. అక్కడి గ్రీకు మూలంలో ఉన్నది ఇచ్ఛ, సంకల్పం అనే అర్థం గల ‘థెలేమా’. మీరు పేర్కొన్న, యేసు ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘చిత్తము’ అని తెనిగించినదీ ఆ శబ్దాన్నే. గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనను చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. లూకా 22:42లో ‘నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక’ అని ఉన్నది. గ్రీకులో ఉన్న నామవాచకం ఒక్కటే, ‘నాది కాదు, నీది’ అన్నట్లుగా. తెలుగు దానిని రెండుగా విడదీసి కుమారునికి ఇష్టాన్ని, తండ్రికి చిత్తాన్ని పంచింది. యోహాను 6:38లోనూ ఇదే పద్ధతి: ‘నా యిష్టమును నెరవేర్చుకొనుటకు నేను రాలేదు, నన్ను పంపిన వాని చిత్తము నెరవేర్చుటకే’. ఇక్కడ క్రియలను కూడా గమనించండి. ఇష్టానికి ‘నెరవేర్చుకొనుట’, చిత్తానికి ‘నెరవేర్చుట’. తన కొరకు చేసుకొనే పనికి ‘కొను’ చేర్చడం తెలుగు స్వభావం కనుక, తన కోరికకూ తండ్రి నిర్ణయానికీ గల ఎడం ఆ ఒక్క అనుబంధం వల్లనే వినబడుతున్నది. మూలంలో లేని ఈ సొగసును అనువాదం తన భాష నుండి తెచ్చుకొన్నది.

ఇరుగుపొరుగు భాషలలో తమిళులు ‘సిత్తం’ అన్నారు, కన్నడిగులు ‘చిత్త’ అన్నారు, హిందీవారు ‘ఇచ్ఛా’ అన్నారు. మలయాళంలో ప్రొటెస్టంటుల గ్రంథం ‘ఇష్టం’ అంటే, కతోలికుల ప్రార్థన ‘తిరుమనస్సు’ అంటుంది. మీరు శంకించిన ‘మనస్సు’ ఆ ప్రార్థనలో గౌరవ పదాన్ని ముందు ధరించి సాక్షాత్తుగా కూర్చున్నది! మన కతోలికులు ‘మీ చిత్తము’ అనీ, తక్కినవారు ‘నీ చిత్తము’ అనీ ప్రార్థించడం మర్యాదకు, చనువుకు సంబంధించిన భేదమే. అర్థంలో తేడా లేదు.

వాడుకలో మాత్రం ఒక జారుపాటు కనిపిస్తున్నది. ఎవరైనా చనిపోయినప్పుడో, పని చెడినప్పుడో మాత్రమే ‘దేవుని చిత్తం’ అని నిట్టూర్చి, ఆ మాటను తలరాతకు పర్యాయపదంగా చేస్తున్నారు. ‘తలరాత నెరవేరును గాక’ అని ఎవరైనా ప్రార్థిస్తారా? రాత ముందే ముగిసిపోయింది, దానితో మాట్లాడడానికి ఏమీ లేదు. చిత్తం వెనుక వినేవాడొకడున్నాడు. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో, కైసరయ పట్టణంలో ఉన్న అపొస్తలుడైన పౌలును, అక్కడ బంధింపబడతాడన్న భయంతో యెరూషలేము వెళ్లవద్దని మిత్రులు ఏడ్చి బతిమాలుతారు. అతడు ఒప్పుకొనకపోయేసరికే ‘ప్రభువు చిత్తము జరుగును గాక’ అని ఊరకుంటారు. బతిమాలడం ముందు, ఊరకుండడం తరువాత. రోమా 12:2 అయితే దేవుని చిత్తమేదో ‘పరీక్షించి తెలిసికొను’మంటుంది, ఆ వాక్యంలోనే ‘మీ మనస్సు మారి’ అని కూడా ఉన్నందున, మనస్సు మనిషికి, చిత్తము దేవునికి అన్న విభజన అక్కడా కనబడుతుంది.

ఇక రెండవ ప్రశ్న. ‘అప్పగించు’ క్రియకు స్వతహాగా మంచీ చెడూ లేవు. యేసును శత్రువుల చేతికిచ్చిన యూదాను గురించి చెప్పేటప్పుడూ తెలుగు బైబిలు ఈ క్రియనే వాడింది. పెళ్లిలో అప్పగింతలనాడు తండ్రి కూతురి చేతిని అత్తవారి చేతిలో పెట్టేటప్పుడు వాడేదీ ఇదే. తనకు ప్రియమైనదానిని, ఇక తన చేతిలో ఉండదని తెలిసీ, చూసుకొంటారన్న భరోసాతో ఇవ్వడమే ఆ అప్పగింత. కన్నీళ్లుంటాయి, ఓటమి ఉండదు. కీర్తన 37:5లోని ‘నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము’ ఈ రెండవ తీరుది; అందుకే వెంటనే ‘ఆయనను నమ్ముకొనుము’ అన్నారు. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. పక్కింటివారు చెప్పిన కబురును నమ్ముతాము. రైతు భూమిని నమ్ముకొంటాడు, అంటే దాని మీదనే బ్రతుకుతాడు.

లొంగడంలో ముందు పెనుగులాట ఉండాలి. కోట ముట్టడించినవారికి లొంగుతారు, పోలీసులకు లొంగిపోతారు. కనుక సామాన్యంగా ‘అప్పగించుకొను’, ‘సమర్పించుకొను’, ‘లోబడు’ అనేవే తగినవి. యాకోబు పత్రిక 4:7లో ఉన్నదీ ‘దేవునికి లోబడియుండుడి’ అనే. అయితే ఏండ్ల తరబడి దేవునితో పోట్లాడి చివరకు ఆయన దారికి వచ్చినవాడు తన కథ చెప్పుకొంటూ ‘లొంగిపోయాను’ అంటే, దానిని దిద్దవలసిన పని లేదు.