సోటో యాంకీస్‌ను వదలడం తప్పా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా మనవల్లో ఒకడు న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ అభిమాని, మరొకడు అదే నగరపు మరో జట్టు మెట్స్ అభిమాని. బ్యాటర్ హువాన్ సోటో యాంకీస్‌ను వదిలి మెట్స్‌కు వెళ్లడం సరైనదేనా అని ఇద్దరూ ఇప్పటికీ వాదించుకుంటారు. అసలు ఆటగాడు తన జట్టును తానే ఎలా ఎంచుకోగలడు?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఐపీఎల్ వేలంలో ఆటగాడికి అటువంటి వీలు లేదు గాని, అమెరికాలోని అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆరేళ్ల సర్వీసు నిండి, ఒప్పందం ముగిసినవాడు 'ఫ్రీ ఏజెంట్'గా ఏ జట్టుతోనైనా బేరమాడుకోవచ్చు. 2024 డిసెంబరులో సోటో మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు; యాంకీస్ 16 ఏళ్లకు 76 కోట్లు ఇవ్వజూపినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. మొత్తాల్లో తేడా స్వల్పమే అయినా, ఏడాదికి లెక్కగడితే మెట్స్ ఇచ్చేది సుమారు 35 లక్షల డాలర్లు ఎక్కువ. పైగా, లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌తో జపాన్ ఆటగాడు ఒహ్తానీ చేసుకున్న 70 కోట్ల ఒప్పందంలో 68 కోట్లు తర్వాతి కాలానికి వాయిదా పడగా, సోటోకు అలాంటి వాయిదా ఏదీ లేదు.

విశ్వాసం మాటకొస్తే, శాన్ డియేగో జట్టు పాడ్రెస్ నుంచి ఆటగాళ్ల మార్పిడిలో వచ్చిన సోటో యాంకీస్‌కు ఆడింది ఒక్క సీజనే కాబట్టి, విశ్వాసం లేనివాడన్న నింద నాకు బొత్తిగా సబబుగా తోచదు. అయితే తన వెనుకే యాంకీస్ మేటి బ్యాటర్ ఆరన్ జడ్జ్ బ్యాటింగుకు వస్తాడు గనుక బంతి విసిరేవాళ్లు తనను తప్పించుకోలేని సౌకర్యాన్ని సోటో వదులుకున్నాడని మీ యాంకీస్ మనవడు అంటే మాత్రం, ఆ వాదనలో పస ఉంది.