చలికాలంలోనూ రాత్రిళ్లు బనీను తడిసిపోతోంది.. కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గర. వయసు 51. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తా. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున, రాత్రి వేసుకుంటున్నా. రెండు నెలల నుంచి వారంలో నాలుగైదు రాత్రులు, రెండు మూడు గంటలప్పుడు మెలకువ వచ్చేసరికి బనీను, దిండు గలేబు తడిసి ఉంటున్నాయి. జనవరి చలిలోనూ అంతే. 64 కిలోలుండేవాణ్ని, ఇప్పుడు 59. దగ్గు ఉంది గానీ దుమ్ములో పని కాబట్టి అది ఎప్పుడూ ఉండేదే. వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, ఇంజెక్షన్లు వేయించుకున్నా తగ్గలేదు. ఇది షుగర్ వల్లనా, వేరే పెద్ద జబ్బా? నా భార్యకు 47 ఏళ్లు. ఆమెకూ రాత్రిళ్లు ఒళ్లు వేడెక్కి చెమటలు పడుతున్నాయి. ఇద్దరికీ కారణం ఒకటేనా?

జవాబు: ఒకటే అయ్యే అవకాశం తక్కువ. ముందు మీ సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో చెమట కంటే ముందు పట్టించుకోవాల్సింది తగ్గిన ఆ ఐదు కిలోలు.

మే నెలలో మన సీమలో మిద్దె కింద పడుకునే ఎవరికైనా చెమట పడుతుంది. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా సెగ విడుస్తూనే ఉంటుంది. ఆరుబయట మంచం వేసుకుంటే పోయే చెమట అది, జబ్బు కాదు. గది చల్లగా ఉన్నా, దుప్పటి పలచనిదైనా, లేచి బట్టలు మార్చుకోవాల్సినంతగా తడుస్తుంటే దాన్ని వేరుగా చూడాలి. మీకు చలిలో వచ్చింది, రెండు నెలలుగా ఉంది, బరువు కూడా తగ్గింది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సినవి రెండు: రాత్రిపూట షుగర్ పడిపోవడం, ఊపిరితిత్తుల టీబీ. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఒకటి బయటపడిందని రెండోదాన్ని వదిలేయకండి.

షుగర్ సంగతి మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఆకలి మందగించి రాత్రి ముద్ద సంగటితో సరిపెట్టినా, మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేసినా, మందు తాగి పడుకున్నా నడిరాత్రి షుగర్ పడిపోతుంది. మద్యం కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదల కాకుండా అడ్డుకుంటుంది, అందుకే తాగిన రాత్రి ప్రమాదం ఎక్కువ. కిడ్నీల పనితీరు తగ్గినవాళ్లలో మాత్ర ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. 64 కిలోల మనిషికి సరిపోయిన డోసు, తిండి తగ్గి 59కి దిగిన మనిషికి ఎక్కువైపోవచ్చు కూడా.

గ్లూకోమీటర్ మంచం పక్కనే పెట్టుకోండి. చెమటతో మెలకువ వచ్చిన వెంటనే చూసుకోవాలి, తెల్లారాక చూస్తే లాభం లేదు. ఉదయం రీడింగ్ బాగానే ఉన్నంత మాత్రాన రాత్రి పడిపోలేదని చెప్పలేం. వేలిని ముందు పొడిగా తుడవండి, చెమట కలిస్తే రీడింగ్ తప్పుగా వస్తుంది. మెలకువ రాకపోయినా మూడు రాత్రులు అలారం పెట్టుకుని మూడు గంటలకు చూసి రాసుకోండి.

70 కన్నా తక్కువ వస్తే షుగర్ పడిపోయినట్టే. 54 లోపైతే అది తీవ్రమైన పతనం. వెంటనే మూడు చెంచాల చక్కెర, అంటే 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో కలుపుకుని తాగండి. లడ్డూ, చాక్లెట్ తినొద్దు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తాగండి. దాటాక నేరుగా పడుకోకండి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి మళ్లీ పడిపోవచ్చు. పాలు, నాలుగు బిస్కెట్లో, కాస్త అన్నమో తిని, గంటాగి ఇంకోసారి చూసుకోండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఒక్కసారి 70 లోపు వచ్చినా మర్నాడే మీ డాక్టర్‌కు చెప్పండి. రాత్రి డోసు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చూసుకుంటారు. మీ అంతట మీరు మాత్రలన్నీ ఆపేస్తే షుగర్ పైకి పోతుంది. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లకు ఇంకో మాట: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఆ మాత్ర వల్ల తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. చెమట పట్టిన సమయంలో రీడింగ్ 130, 160 అలా ఉంటే ఆ చెమటకు షుగర్ పడిపోవడం కారణం కాదు.

ఇక టీబీ. దుమ్ము వల్ల దగ్గు అని మీరే తీర్పు ఇచ్చేసుకున్నారు. రాతి పనిచేసేవాళ్లలో టీబీ ఆలస్యంగా బయటపడేది సరిగ్గా ఈ మాటతోనే. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, మన నల్లబండల్లోనూ కొంత ఉంటుంది. ఆ సన్నని దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే టీబీ క్రిమిని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు లేనివాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మీకు రెండూ ఉన్నాయి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రమయ్యే సరికి వెచ్చబడటం, రాత్రి చెమట, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష చేయించాల్సిందే.

దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అడగండి. కళ్లెను సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రంలో పరీక్షిస్తారు, ఖర్చు ఉండదు. క్రిమి ఉందా లేదా అన్నదే కాదు, టీబీకి వాడే ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందా లేదా అన్నదీ తెలుస్తుంది. ఉమ్ము ఇస్తే లాభం లేదు, కళ్లె కావాలి. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీల్చి వదిలి, ఛాతీ లోపలి నుంచి దగ్గి డబ్బాలో వేయాలి. తేలితే భయపడాల్సింది లేదు. మామూలు టీబీకి ఆరు నెలల మందులు ఉచితం, పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. అయితే రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. మీరు వాడే గ్లిమెపిరైడ్ వాటిలో ఒకటి. కోర్సు మొదలైతే షుగర్ మందులు కూడా సరిచేసుకోవాలి.

ఈ పరీక్ష అయ్యేదాకా దగ్గుకని మెడికల్ షాపులో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు. టీబీని కొంతకాలం అణచిపెట్టి, నిర్ధారణను వెనక్కి నెట్టే మందు అది.

వైడాల్ గురించి కూడా చెప్పాలి. జ్వరమనగానే వైడాల్, అది పాజిటివ్ అనగానే సెలైన్, ఇంజెక్షన్లు.. మన ఊళ్లలో ఇది అలవాటైపోయింది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కూ, వేరే జ్వరాలకూ అది పాజిటివ్ రావచ్చు. రెండు నెలల చెమటలకు టైఫాయిడ్ కారణమని ఆ ఒక్క కాగితాన్ని చూసి నమ్మలేం.

గొర్రెలు, మేకలు, పాడి ఉన్న ఇళ్లలో ఇంకో జబ్బును గుర్తుంచుకోవాలి, బ్రూసెల్లోసిస్. మీ ఇంట్లో జీవాలుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి, అడగందే ఎవరూ చెప్పరు. ఈసుకుపోయిన (గర్భం పోయిన) గొర్రె పిండాన్ని, మాయను ఉత్తి చేతులతో తీసినా, కాచని పాలు తాగినా వస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, నడుము, కీళ్లు నొప్పులు, రాత్రి విపరీతమైన చెమట. మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. వారానికే బాగుందని మానేస్తే తిరగబెడుతుంది.

మిగతావి క్లుప్తంగా. మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని గడ్డలు తగులుతున్నాయేమో స్నానం చేసేటప్పుడు తడిమి చూసుకోండి, లింఫోమా అనే క్యాన్సర్‌లో ఇలా ఉంటుంది. ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం అందులో ముఖ్యమైన గుర్తు. మీ లెక్కన అది దాదాపు ఆరున్నర కిలోలు, మీరు దానికి దూరంలో లేరు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా బరువు తగ్గి చెమట పడుతుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు, స్టెరాయిడ్లు కూడా చెమట పట్టిస్తాయి. ఒళ్లు నొప్పులకని రాత్రి పారాసిటమాల్ వేసుకుంటే లోపలున్న జ్వరం దిగేటప్పుడు తడిసిపోతారు. అందుకే వారం పాటు సాయంత్రం ఐదింటికి, మాత్ర వేయకముందే థర్మామీటర్ పెట్టి రాసుకోండి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలు కునికిపాట్లు పడేవాళ్లలో స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి.

ఆసుపత్రిలో కళ్లె, ఎక్స్‌రేతో పాటు సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉందేమో చూసే పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌ఐవీ చేయించండి. బరువు తగ్గడానికి అదుపు తప్పిన షుగర్ కూడా కారణం కావచ్చు, అది హెచ్‌బీఏ1సీలో తెలుస్తుంది. ఈ పరీక్షలకు నెలలు ఆగకండి, ఈ వారంలోనే మొదలుపెట్టండి. చల్లని చెమటతో పాటు ఛాతీ బరువు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే పరీక్షల మాట పక్కనపెట్టి 108 పిలవండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు, ఒక్కోసారి చెమట, ఆయాసమే కనిపిస్తాయి.

ఇక మీ ఇంటావిడ విషయం. 47 ఏళ్లకు, ఛాతీలో మొదలై మెడకు, ముఖానికి ఆవిరిలా ఎగబాకి, నాలుగైదు నిమిషాల్లో చెమటపట్టి చల్లబడుతోందంటే అది చాలావరకు ముట్లు ఆగిపోయే దశలో వచ్చేదే. నెలసరి క్రమం తప్పిందేమో అడగండి. కాటన్ బట్టలు, రాత్రిపూట కాఫీ టీలు, కారం తగ్గించడం కొంత పనిచేస్తాయి. నిద్ర పాడవుతుంటే గైనకాలజిస్టును కలవాలి, మంచి మందులున్నాయి. హార్మోన్ మాత్రలు మాత్రం రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు పనికిరావు. ఆవిడకు కూడా టీఎస్‌హెచ్ ఒకసారి చేయించండి. అయితే మీకు టీబీ అని తేలితే లెక్క మారుతుంది. ఒకే గదిలో పడుకునే ఆవిడకు, ఇంట్లో పిల్లలకు కూడా పరీక్షలు చేయాలి, జబ్బు లేదని తేలినవాళ్లకు ముందుజాగ్రత్త మందులు ఇస్తారు. అప్పటిదాకా మీరు కిటికీలు తీసి ఉంచి వేరే గదిలో పడుకోండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి.

– జనరల్ ఫిజీషియన్, కర్నూలు