ఫాలోవర్స్ ఉన్నారు కానీ కామెంట్లు లేవు: చీరల షాపు పేజీ చూసుకునే అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది చదివాను అండి. బట్టల షాపు, ఫేస్‌బుక్, ఇన్‌స్టా కలిపి ఆరేడు వేల మంది ఫాలోవర్స్, రోజూ ఫొటోలు పెడుతున్నా పది లైకులు దాటట్లేదు, వచ్చే రెండు కామెంట్లూ మీ తమ్ముడివీ వాళ్ళ ఫ్రెండ్‌వీ, డబ్బులు పెట్టి బూస్ట్ చేస్తే (అంటే పోస్టుని ఇంకా ఎక్కువమందికి చూపించమంటే) ఏమన్నా మారుద్దా అని కదా. మంగళగిరిలో మా బాబాయి వాళ్ళది చేనేత చీరల షాపు, దాని పేజీలు కొన్నేళ్ళుగా నేనే చూసుకుంటున్నా, అక్కడ చూసిందే చెప్తా. మీది రెడీమేడ్ అన్నారు, అయినా చాలావరకు మీకూ పనికొస్తుంది.

ముందు ఇన్‌సైట్స్ (పేజీలో లెక్కలు చూపించే చోటు) తెరిచి పోస్టు అసలు ఎంతమందికి కనపడిందో చూడండి. ఆరు వేల మంది ఫాలోవర్స్ అంటే ఆరు వేల మందికీ వెళ్ళింది అని కాదు. 2018 జనవరిలోనే ఫేస్‌బుక్ వాళ్ళు ఫీడ్‌లో ఇంట్లోవాళ్ళవీ ఫ్రెండ్స్‌వీ ఎక్కువ చూపిస్తాం, పేజీలవి తగ్గిస్తాం అని చెప్పి మరీ చేశారు, ఆ తర్వాత చిన్నాపెద్దా చాలా పేజీలకి రీచ్ (పోస్టు ఎంతమందికి కనపడుతుందో ఆ లెక్క) పడిపోయింది. కాబట్టి మూడొందల మందికి కనపడితే పది లైకులు వచ్చాయనుకోండి, అది మీరు అనుకుంటున్నంత ఘోరం ఏం కాదు. అదే మూడు వేల మందికి కనపడి పది వచ్చాయంటే మాత్రం పోస్టులోనే ఏదో లేదని. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు, ఏది మీదో తెలుసుకోకుండా ఎవరి సలహా (నాదైనా సరే) పాటించొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మా బాబాయి కౌంటర్ దగ్గర కూర్చుంటే చూడాలి. వచ్చినావిడని "ఈ చీర ఎలా ఉందమ్మా" అని ఒక్కసారి కూడా అడగడు, "మీకా అమ్మా, పెట్టుబడికా" (అంటే ఫంక్షన్‌లో ఎవరికైనా పెట్టడానికా అని) అంటాడు. అంతే, ఆవిడ మొదలుపెడుతుంది, మా ఆడపడుచు కూతురు ఓణీల ఫంక్షను అండి, ఆరు చీరలు కావాలి, ఒకటి కొంచెం మంచిది, మిగతావి మామూలువైనా పర్లేదు, పోయినసారి మా తోడికోడలు పెట్టిన దానికన్నా తక్కువ కనపడకూడదు అని పావుగంట చెప్తుంది. అంటే జనానికి మాట్లాడటం రాక కాదు, వాళ్ళ దగ్గర జవాబు ఉన్న ప్రశ్న మనం అడగట్లేదు. "న్యూ అరైవల్స్, సూపర్ కలెక్షన్, ఆర్డర్స్‌కి డీఎం (విడిగా మెసేజ్) చేయండి" అంటే దానికి ఎవరైనా ఏం రాస్తారు చెప్పండి? మహా అయితే ఒక లవ్ సింబల్ పెట్టి పోతారు.

మా పేజీలో ఎక్కువ మాటలు నడిచిన పోస్టు ఏదంటే, అందులో అమ్మే చీరే లేదు. దండెం మీద ఆరేసిన గంజి పెట్టిన కాటన్ చీర ఫొటో ఒకటి పెట్టి, "మీ ఇంట్లో గంజి ఎలా పెట్టేవాళ్ళు, అన్నం వార్చిన గంజా, సగ్గుబియ్యమా" అని అడిగా. ఇక చూస్కోండి. సగ్గుబియ్యం గంజి పెడితేనే చీర నిలబడుద్ది అని ఒకావిడ, వార్చిన గంజి పల్చగా చేసి బట్టలో వడకట్టకపోతే మచ్చలు పడతాయి అని ఇంకొకావిడ, ఈ రోజుల్లో కుక్కర్లలో వండుకుంటుంటే వార్చిన గంజి ఎక్కడిదండీ అని వేరే ఆమె, రివైవ్ పొడి ఉండగా ఈ గోలంతా ఎందుకు అని ఒకళ్ళు రాస్తే దానికి కింద పదిమంది పోట్లాట. గంజి పెట్టిన చీర బీరువాలో ఎక్కువకాలం దాస్తే పురుగు పట్టుద్ది, ఉతికి గంజి తీసేసి దాచుకోవాలి అని ఒక పెద్దావిడ రాశారు, నిజమే అది, దాన్ని పైన పిన్ చేశా. తర్వాత వారాల తరబడి ఆ పోస్టు కిందకి ఎవరో ఒకళ్ళు వస్తూనే ఉన్నారు. ఆ వచ్చినవాళ్ళలో కొంతమంది మెల్లగా మిగతా ఫొటోలు కూడా చూసి "ఆ ఆకుపచ్చది ఉందా" అని అడగటం మొదలుపెట్టారు.

మీ షాపుకి ఇలాంటిది ఏంటో మీరే ఆలోచించాలి. పిల్లల బట్టలు అమ్ముతారనుకోండి, "పండక్కి ఒక సైజు పెద్దది కొంటారా, కరెక్ట్‌గా సరిపోయేది కొంటారా" అని అడగండి, ప్రతి తల్లికీ దాని మీద ఒక గట్టి అభిప్రాయం ఉంటుంది. ఇంకోటి, ప్రశ్న అడిగితే ఒక మాటలో కూడా జవాబు చెప్పేలా ఉండాలి, కావాలంటే పది వాక్యాలు కూడా రాసుకునేలా ఉండాలి. "చేనేత గురించి మీ అభిప్రాయం చెప్పండి" అంటే పరీక్షలో వ్యాసం రాయమన్నట్టు ఉంటుంది, ఎవరూ రాయరు.

రేటు సంగతి తప్పకుండా చెప్పాలి. చాలా పేజీలు కావాలనే రేటు పెట్టరు, పెట్టకపోతే "ప్రైస్ ప్లీజ్" అని కామెంట్లు వస్తాయి, కామెంట్లు వస్తే రీచ్ పెరుగుద్ది అని లెక్క. నాకు ఇది అస్సలు నచ్చదు. యాభై "ప్రైస్ ప్లీజ్"లు కింద యాభై "చెక్ డీఎం"లు ఉన్న పోస్టు చూస్తే కొనేవాళ్ళకి ముందు వచ్చే అనుమానం, మనిషిని చూసి రేటు చెప్తారేమో అని. మేం రేటు, ఎక్కడికైనా కొరియర్ ఎంత, రెండూ ఫొటో కిందే రాసేస్తాం. అలా రాయడం మొదలుపెట్టాక కామెంట్ల సంఖ్య తగ్గింది, దాచను, కానీ మిగిలినవి "దీంట్లో వేరే రంగు అంచు వస్తుందా", "బ్లౌజ్ పీస్ ఉంటుందా", "అరవయ్యేళ్ళ ఆవిడకి బాగుంటుందా" లాంటివి. ఒక్కో దానికి జవాబిస్తే బేరం సగం అయిపోయినట్టే.

జవాబు ఇవ్వడం అనేదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. "థాంక్యూ డియర్" అని పెట్టేస్తారు. యాభై ఏళ్ళావిడని పట్టుకుని డియర్ ఏంటండీ అసలు! మేం అందరికీ అండి, గారు, పెద్దవాళ్ళైతే అమ్మా. అవతలివాళ్ళు ఏ లిపిలో రాస్తే ఆ లిపిలోనే జవాబిస్తా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినవాళ్ళకి అలాగే, తెలుగులో రాసినవాళ్ళకి తెలుగులో. జవాబు చివర్లో ఇంకో చిన్న ప్రశ్న వదలండి, "బాగుందండీ" అంటే "మీ దగ్గర మంగళగిరి చీర ఉందా అండి, ఏ రంగు" అని, చాలామంది మళ్ళీ రాస్తారు, కొంతమంది ఏకంగా కట్టుకున్న ఫొటోనే పంపుతారు (వాళ్ళని అడక్కుండా ఆ ఫొటో పేజీలో పెట్టొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా). పోస్టు పెట్టేసి ఫోను పక్కన పడేయకండి, మొదటి గంట ఖాళీ ఉన్నప్పుడే పెట్టండి.

ఏ టైములో పెట్టాలి అంటే మాకు రెండు టైములు పనిచేశాయి. రాత్రి తొమ్మిది తర్వాత, ఇంట్లో వంట పనీ భోజనాలూ అయ్యాక ఫోను పట్టుకునే టైము. ఇంకోటి పొద్దున్న ఏడు, ఎందుకంటే ఎండాకాలంలో మనకి పొద్దున్న ఏడంటే న్యూయార్క్ వైపు రాత్రి తొమ్మిదిన్నర, అక్కడున్న మనవాళ్ళు తీరిగ్గా చూస్తారు. మీకు అమెరికా కస్టమర్లు లేకపోతే దీంతో పన్లేదు, మీ ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్స్ ఏ టైముకి ఆన్‌లైన్‌లో ఉంటారో ఉంటుంది, అది చూసుకోండి.

పోల్స్ గురించి. "రెడ్ ఆర్ బ్లూ" అని ఊరికే పోల్ పెట్టడంలో సరదా రెండ్రోజులే. మేం చేసేది ఏంటంటే, మగ్గం మీద ఒక పడుగు (నిలువు దారాలు) ఎక్కిస్తే దాని మీద వరసగా కొన్ని చీరలు వస్తాయి కదా, ఆ పడుగుకి ముందే రెండు రంగుల నూలు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, ఏది ఎక్కిద్దాం అని స్టోరీలో పోల్ పెడతాం, గెలిచిన రంగే ఎక్కిస్తాం. తర్వాత పడుగు సాగదీసేటప్పుడు ఒక వీడియో, మగ్గం ఎక్కాక ఒకటి, మొదటి చీర కోసినప్పుడు ఒకటి. ఓటు వేసినవాళ్ళకి అది వాళ్ళ చీర అన్నట్టే ఉంటుంది, "మా రంగు వచ్చిందా లేదా" అని వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. ఒకసారి బాబాయికి నచ్చని రంగు గెలిచింది, ముద్ద ఎరుపు మీద పసుపు అంచు, మూతి ముడుచుకునే ఎక్కించాడు, ఎక్కించక తప్పదు మరి, జనాన్ని అడిగి మన ఇష్టం చేసుకుంటే ఇంకోసారి ఎవరు ఓటేస్తారు.

స్టోరీ పోల్‌కి ఇంకో లాభం ఉంది, ఎవరు దేనికి ఓటేశారో పేజీ నడిపే మనకే తెలుస్తుంది, పక్కవాళ్ళకి పేర్లు కనపడవు. ఇది ఆడవాళ్ళ బట్టలు అమ్మేవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. మా కస్టమర్లలో చాలామంది పబ్లిక్‌గా కామెంట్ పెట్టరు, ఎందుకంటే పెట్టిన పది నిమిషాలకి ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఇన్‌బాక్సులో హాయ్ అంటాడు, లేదా చీర అడిగిన సంగతి అత్తగారింట్లో అందరికీ తెలిసిపోద్ది. వాళ్ళు స్టోరీకి రిప్లై ఇస్తారు, డీఎం చేస్తారు, పోస్టుని వాట్సాప్‌లో చెల్లెలికి పంపుతారు. కామెంట్లు మాత్రమే లెక్కేసుకుని మన పేజీ చచ్చిపోయింది అనుకోకండి, షేర్లు, సేవ్‌లు కూడా చూడండి. ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పిందీ అదే, ఎంతసేపు చూశారు, లైకులు, ఇంకొకళ్ళకి ఎంతమంది పంపారు, ఈ మూడూ ముఖ్యం, అందులోనూ కొత్తవాళ్ళకి చేరాలంటే ఇంకొకళ్ళకి పంపడానికే బరువెక్కువ అని. అందుకే నేను పోస్టు రాసేటప్పుడు దీన్ని ఎవరు ఎవరికి పంపుతారు అని ఆలోచిస్తా. గంజి పోస్టుని కూతుళ్ళు అమ్మలకి పంపారు, అంతే దాని రహస్యం.

"లైక్ చేసి, షేర్ చేసి, ముగ్గుర్ని ట్యాగ్ చేస్తే చీర ఉచితం" టైపు పోటీలు మాత్రం వద్దు. ముగ్గుర్ని ట్యాగ్ చేయండి, ఇష్టమైతే లైక్ కొట్టండి అని అడుక్కునే పోస్టుల్ని కిందకి తొక్కేస్తాం అని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే ప్రకటించింది. పైగా ఆ పోటీలకి వచ్చేవాళ్ళు చీర కోసం వస్తారు, అయిపోగానే పోతారు, ఉన్నా మన పోస్టుల్ని ముట్టుకోరు. ఫాలోవర్స్‌ని కొనడం అంతకన్నా దండగ, మాకు తెలిసిన ఒక షాపాయన ఏదో ఏజెన్సీకి డబ్బులిచ్చి వేలల్లో ఎక్కించుకున్నాడు, అందులో తెలుగువాళ్ళు వెతికితే దొరకరు.

వీడియోల విషయం. బిజినెస్ అకౌంట్లకి ఇన్‌స్టాలో సినిమా పాటలు చాలావరకు దొరకవు అని మీకు తెలిసే ఉంటుంది, దానికి బాధపడకండి. మగ్గం చప్పుడు మా వీడియోలకి చాలు. మీకు మగ్గం లేదు, కానీ కొత్త బేల్ విప్పడం, లుంగీల కట్ట దులిపి పరవడం, ఇవన్నీ ఉన్నాయి కదా. దానికన్నా ముఖ్యం మనిషి. బాబాయి గుంటూరు యాసలో ఒక్క నిమిషం మాట్లాడిన వీడియోకి ఉన్నంత మర్యాద నేను గంటలు కూర్చుని ఎడిట్ చేసిన వాటికి ఏనాడూ దక్కలేదు, నాకు కొంచెం కుళ్ళుగానే ఉంటుంది.

నెగటివ్ కామెంట్ వస్తే డిలీట్ కొట్టొద్దు, బూతులైతే తప్ప. ఒకాయన వచ్చి "ఇది పవర్‌లూమ్ చీర, మోసం" అని రాశాడు, అంటే కరెంటు మగ్గం మీద నేసిందని. మా పిన్ని బ్లాక్ చేసెయ్యమంది. నేను అదే చీర అంచు దగ్గరికి ఫోను పెట్టి వీడియో తీశా, మగ్గం మీద బట్ట వెడల్పు ముడుచుకోకుండా ఒక కర్ర పట్టి ఉంచుతారు, దాని చివర్ల సూదులుంటాయి, అవి గుచ్చుకుని అంచు వారగా సన్న బెజ్జాలు వరసగా పడతాయి, వెలుగులో పెడితే కనిపిస్తాయి. అది చూపించి, "అడిగినందుకు థాంక్స్ అండి, కొనేముందు ఎక్కడైనా ఇలా చూసుకోండి" అని పెట్టాం. ఆయన మళ్ళీ రాలేదు. కానీ చాలామంది వాళ్ళ బీరువాలో చీరలు తీసి చూసుకుని "మాదాంట్లో ఉన్నాయి", "మాదాంట్లో లేవే, మోసపోయామా" అని మొదలుపెట్టారు. మాకు డబ్బులు పెట్టినా అంత ప్రచారం రాదు. బెజ్జాలు ఒక గుర్తు మాత్రమే, ఉన్నంత మాత్రాన ఖాయంగా చేనేత అనీ కాదు, లేనంత మాత్రాన చేనేత కాదనీ కాదు అని కూడా అక్కడే రాయాల్సొచ్చింది, లేకపోతే ఇంకో గొడవ.

వాట్సాప్ ఛానల్ పెట్టమని ఎవరైనా అంటే, పెట్టుకోండి, స్టాకు వచ్చిందని చెప్పడానికి బాగుంటుంది, కానీ అందులో జనం రియాక్షన్ ఇవ్వడం, పోల్‌లో ఓటేయడం లాంటివే తప్ప మామూలు కామెంట్లలాగా మాటలు నడవవు, మీరు అడిగే దానికి అది మార్గం కాదు. మామూలు వాట్సాప్ బిజినెస్ నంబర్‌లో స్టేటస్ పెట్టండి, దానికి రిప్లైలు బాగా వస్తాయి.

ఇక బూస్ట్. ఇప్పుడే వద్దు. ఎవరూ పట్టించుకోని పోస్టుని బూస్ట్ చేస్తే ఇంకా ఎక్కువమంది పట్టించుకోకుండా పోతారు. ముందు ఊరికే పెట్టి చూడండి, దానంతట అదే మాటలు నడుస్తున్న పోస్టు ఒకటి దొరికితే అప్పుడు దాని మీద ఓ ఐదొందలు పెట్టండి, ఏరియా కూడా మీ ఊరూ చుట్టుపక్కలే పెట్టుకోండి, రాష్ట్రం మొత్తం పెట్టుకుంటే డబ్బులు నీళ్ళలా పోతాయి. రోజూ పోస్టు పెట్టాలన్న రూలు కూడా ఏం లేదు, వారానికి రెండు చాలు, కానీ వాటి కింద వచ్చిన ప్రతి మాటకీ జవాబు ఉండాలి. ఈ వారం మీరు పెట్టబోయే ప్రశ్న ఏంటో అనుకున్నాక కింద రాయండి, ఒకసారి చూసి చెప్తా.