నీళ్లలో మునిగిన కారుని ఒకసారి స్టార్ట్ చేసి చూడొచ్చా?

ప్రశ్న: రాత్రి వానకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. మా కారులో సీటు దాకా నిలిచాయి. పొద్దున మోటార్లు పెట్టి తోడేశారు. బయటి నుంచి చూస్తే కారు బాగానే ఉంది. "ఒకసారి స్టార్ట్ చేసి చూడండి సార్, పట్టకపోతే అప్పుడు చూద్దాం" అంటున్నాడు దగ్గర్లోని మెకానిక్. చేయొచ్చా? ఇన్సూరెన్సు ఉంది.

జవాబు:

చేయకండి. సెల్ఫ్ కొట్టడమే కాదు, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూద్దామని తాళం ఆన్‌లోకి కూడా తిప్పకండి. బటన్ స్టార్ట్ బండి అయితే తాళం ఇంట్లోనే పెట్టి కిందికి వెళ్లండి, పిల్లలెవరైనా బటన్ నొక్కకుండా. ముందు ఈ పని చేసి, మిగతాది తీరిగ్గా చదవండి.

మీరు ఇప్పుడున్న పరిస్థితిలో నేను 2024 సెప్టెంబరులో ఉన్నాను. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. ఆగస్టు 31 అంతా వాన. మర్నాడు ఆదివారం పొద్దున బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి వచ్చాయి. మొదట చెప్పులు తడిశాయి, కాసేపటికి మోకాళ్లు దాటాయి. గేటు లోపల పెట్టిన మా కారుని బయటికి తీద్దామనుకునేలోపే వీధి చివర నడుం లోతు వచ్చేసింది. మా ఇల్లు కొంచెం ఎత్తులో ఉంది కాబట్టి కారులో నీళ్లు స్టీరింగ్ కింది అంచు దగ్గర ఆగాయి. పక్క వీధిలో కార్ల పైకప్పులు మాత్రమే కనిపించాయి. మేం పై అంతస్తులో ఇంటివాళ్ల దగ్గర సర్దుకున్నాం. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది కానీ, ఆ రెండు రోజులూ కృష్ణే నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇక మా వీధి నీళ్లు ఎక్కడికి పోతాయి? వారం పైగా కారు అలాగే నిలబడి ఉంది.

మా బాబాయి ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఇంజిన్ పని చేస్తున్నాడు. సోమవారం ఎలాగో ఫోన్ కలిసింది. నేను బోట్ల గురించీ పాల ప్యాకెట్ల గురించీ చెబుతుంటే మధ్యలో ఆపి, "కారు తాళం ఎక్కడుందిరా? తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పడెయ్. నేనొచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు" అన్నాడు. అంత టెన్షన్‌లో ఈయన తాళం గొడవేంటా అనుకున్నాను. ఆ మాటే నన్ను కాపాడింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఇంజిన్ లోపల పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలిని నొక్కుతుంది. గాలి నొక్కుకుపోతుంది. నీళ్లు నొక్కుకుపోవు. గాలి పీల్చే గొట్టం గుండా సిలిండర్‌లోకి కాసిని నీళ్లు చేరినా చాలు, సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ పైకి వచ్చి ఆ నీళ్లకి గోడకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. వెనక నుంచి తోసే బలం ఆగదు కాబట్టి మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజిన్ స్టార్టయి తిరిగిందంటే ఒక్కోసారి ఇంజిన్ బ్లాకుకే చిల్లు పడుతుంది. డీజిల్ బండిలో ఒత్తిడి ఇంకా ఎక్కువ కాబట్టి దెబ్బ కూడా ఎక్కువే. తడిసిన వైర్లలోకి కరెంటు పోవడం మరో ప్రమాదం. ఫ్యూజ్ బాక్సు, ఎయిర్‌బ్యాగ్ యూనిట్ లాంటివి కింది భాగంలోనే ఉంటాయి. తడిసినవాటిలో ఆరితే పనిచేసేవి కొన్ని ఉంటాయి. తడిగా ఉండగా కరెంటు పోతే వాటిలో చాలావరకు కాలిపోతాయి.

మా ఎదురింటి పెద్దాయన గురించి చెప్పాలి. రైల్వేలో చేసి రిటైరయ్యారు, ప్రతి వస్తువునూ జాగ్రత్తగా చూసుకునే మనిషి. ఆయనది డీజిల్ కారు, మా కారులో ఎంత ఎత్తు నీళ్లున్నాయో అందులోనూ అంతే. నీళ్లు దిగాక భార్యని గుంటూరులో కూతురింటికి చేర్చాలని ఆయన ఆత్రం. ఇంట్లో బురద, కరెంటు లేదు, ఆవిడకి ఒంట్లో బాగాలేదు. ఆ పరిస్థితిలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో. ఎవరో బ్యాటరీ తెచ్చి తగిలించారు. మొదటిసారి గుర్రుమంది. రెండోసారి లోపల ఠంగుమని చప్పుడొచ్చి ఆగిపోయింది. ఆ చప్పుడు మా మేడ మీదికి వినిపించింది. తర్వాత షెడ్డులో విప్పితే రెండు రాడ్లు వంగి ఉన్నాయి. ఆయనకి పూర్తి ఇన్సూరెన్సు ఉంది. అయినా నష్టం లెక్కగట్టడానికి వచ్చిన ఇన్సూరెన్సు సర్వేయర్ సీట్లకీ వైరింగుకీ డబ్బు రాశారు, ఇంజిన్‌కి రాయలేదు.

ఇన్సూరెన్సు ఉందని రాశారు కాబట్టి ఈ విషయం మీరు బాగా పట్టించుకోవాలి. వరద వల్ల కారుకి జరిగిన నష్టం సమగ్ర పాలసీలో వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని మాత్రం వేరుగా చూస్తారు. అది వరద చేసింది కాదు, ఆ తర్వాత మన చేతుల్లో జరిగింది అంటారు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి. ఆ కవరు ఉన్నా అందులోనూ షరతులు ఉంటాయి, కాబట్టి ధైర్యంగా సెల్ఫ్ కొట్టేయకండి. స్టార్ట్ చేసి చూడమన్న మీ మెకానిక్ మంచివాడే కావచ్చు, కానీ ఆ ఒక్క ప్రయత్నంతో మీ క్లెయిమ్ సగం పోవచ్చు.

ఇప్పుడు చేయాల్సినవి. బానెట్ తెరిచి బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేయండి, 10 నంబరు స్పానర్ చాలు. బానెట్ లోపలి నుంచి లాగి తెరవలేకపోతే వదిలేయండి, టోయింగ్ వాళ్లు చూసుకుంటారు. హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ బండి అయితే అసలు చెయ్యి పెట్టకండి, నారింజ రంగు వైర్ల దగ్గరికి కూడా వెళ్లకండి, కంపెనీ వాళ్లే రావాలి. తుడవకముందే ఫొటోలు తీయండి. తలుపు లోపల, సీటు మీద, గోడ మీద నీళ్లు నిలిచిన గీత కనబడాలి, ఒక్క ఫొటోలోనైనా ఆ గీతా నంబరు ప్లేటూ కలిసి ఉండాలి. సర్వేయర్ నన్ను మొదట అడిగింది, నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయనే. అడుగు దాకానా, సీటు దాకానా, డ్యాష్‌బోర్డు దాటాయా అన్నదాన్ని బట్టే వాళ్ల లెక్క మొదలవుతుంది. నేను మొదటి రోజే పై అంతస్తు కిటికీలోంచి ఫోన్లో తీసిన వీడియో ఆ రోజు చాలా పనికొచ్చింది. తర్వాత వెంటనే ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఫోన్లో పన్నెండు శాతం చార్జింగ్ ఉండగా నేను చేసిన ఫోన్ అదొక్కటే. వాళ్లు చూడకముందు ఏ భాగమూ విప్పించకండి.

షెడ్డుకి తీసుకెళ్లడానికి బండిని మొత్తంగా పైకెక్కించుకునే టోయింగ్ వ్యాన్ అడగండి. తాడు కట్టి లాగించకండి. గేరులో ఉండగా లాగితే చక్రాలతో పాటు ఇంజిన్ కూడా తిరుగుతుంది, అది సెల్ఫ్ కొట్టినదానితో సమానం. ఆటోమేటిక్ బండి అయితే గేర్‌బాక్సుకీ దెబ్బ. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటే ఇంకో చిక్కు. మా కారు వెనక చక్రాలు వారంలోనే డ్రమ్ములకి పట్టేశాయి, నలుగురం తోసినా కదల్లేదు. బాబాయి చిన్న సుత్తితో డ్రమ్ము చుట్టూ మెల్లగా కొడుతూ విడిపించాడు. మీది ఒక్క రాత్రే కాబట్టి ఇంకా పట్టి ఉండకపోవచ్చు. న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించేయండి. సెల్లార్ ర్యాంపు మీద ఉంటే మాత్రం దించకండి.

షెడ్డులో మా ఇంజిన్‌ని ఎలా తిప్పారో చెబుతాను. ప్లగ్గులు నాలుగూ తీసి, లోపలికి ఆయిల్ కొట్టి, ఒక రాత్రి వదిలేశారు. మర్నాడు క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పారు. మూడో సిలిండర్ ప్లగ్ కన్నంలోంచి బురద నీళ్లు చిమ్మి బానెట్‌కి తగిలాయి. మిగతా మూడూ పొడిగానే ఉన్నాయి. ఒక్కదాంట్లో, అదీ గ్లాసుడు కూడా ఉండవు. నేను గానీ తాళం తిప్పి ఉంటే ఆ కాసిని నీళ్లు చాలు రాడ్ వంచడానికి. ఆ తర్వాత ఆయిల్ తీస్తే పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, నీళ్లు కలిసిందని అర్థం. కొత్త ఆయిల్ పోసి, కాసేపు తిప్పి, మళ్లీ తీసేసి, మళ్లీ కొత్తది పోశారు. ఫిల్టర్లు, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ మార్చారు. పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేసి కడిగారు. మీ షెడ్డు వాళ్లు ఈ వరసలో చేస్తారో లేదో ముందే అడగండి. ప్లగ్గులు తీయకుండా సెల్ఫ్ కొడతామంటే, ఎంత పెద్ద షెడ్డయినా వద్దని చెప్పండి.

డబ్బు సంగతి. మాది 2018 పెట్రోల్ స్విఫ్ట్. పాలసీలో కారు విలువ 3,90,000 రూపాయలు రాసి ఉంది. బిల్లు 1,62,000 అయింది. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టం కింద లెక్కగట్టి మొత్తం డబ్బు ఇస్తారు. మాది అంతదాకా పోలేదు. ఆరేళ్ల బండి కాబట్టి నాకు జీరో డిప్రిసియేషన్, అంటే భాగాలు పాతబడ్డాయని డబ్బు కోయకుండా ఇచ్చే అదనపు కవరు, లేదు. అందుకని ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ లాంటివాటికి సగం, ఇనుప భాగాలకి 40 శాతం కోసేశారు. కూలికి కోత లేదు. తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సిన వెయ్యి కూడా కలిపితే నా జేబులోంచి దాదాపు 51,000 పోయింది. నాకూ ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు. ఎదురింటాయనకి ఇంజిన్ ఒక్కదానికే రెండు లక్షల దగ్గర అయింది, అదంతా ఆయన పెన్షన్ డబ్బే. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నా ఫోన్లో చార్జింగ్ ఉన్న ఆ రోజే కిటికీలోంచి ఆయనకి కూడా బాబాయి మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది.

కారు ఇంటికొచ్చేసరికి నవంబరు రెండో వారం. ఊరంతా మునిగింది కాబట్టి ప్రతి షెడ్డులోనూ వరసలు. మీ విషయంలో అంత పట్టదులెండి. కాకపోతే నీళ్లు తగిలిన బండితో ఒక చిక్కుంది, లోపాలు ఒక్కసారిగా బయటపడవు. మూడు నెలలకి మా కుడి వైపు వెనక అద్దం దిగడం మానేసింది. తలుపు విప్పితే వైరు జాయింటులో పచ్చగా చిలుము పట్టి ఉంది. సెంట్రల్ లాక్‌కీ అదే జబ్బు. కాబట్టి బండి ఇచ్చేటప్పుడు కనెక్టర్లన్నీ విప్పి శుభ్రం చేశారా అని అడగండి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. ఇంకోటి, కార్పెట్ పైపైన ఆరబెడితే సరిపోదు. దాని కింద మందంగా స్పాంజి ఉంటుంది, అది నీళ్లు తాగి నెలల తరబడి అలాగే ఉంటుంది. సీట్లు విప్పించి, కార్పెట్ బయటికి తీయించి, మేడ మీద నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టండి. మేం మొదట ఆ పని చేయక, ఏసీ వేసిన ప్రతిసారీ మురుగు వాసనతో మా అమ్మాయికి వాంతులయ్యేవి.

ఎప్పుడైనా సెకండ్ హ్యాండ్ కారు కొంటే సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడండి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు కానీ, బెల్టు చివర లోపల చుట్టుకుని ఉండే మూరెడు గుడ్డని ఎవరూ కడగరు. అక్కడ బురద గీత ఉంటే ఆ బండి మునిగినదే. స్టెప్నీ టైరు కింద గుంట, సీటు బోల్టుల తుప్పు కూడా చూడండి. మా ఏరియాలో అప్పుడు మునిగిన కార్లు ఎన్నో ఊళ్లకి అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లకి ఆ సంగతి చెప్పే అమ్మారని నేననుకోను.

వాన సూచన ఉన్నప్పుడు సెల్లార్‌లో పెట్టకండి. మా వాళ్లు ఇప్పుడు రెడ్ అలర్ట్ అని వినగానే ఎత్తున్న చోట్లకి బండ్లు తీసుకుపోతున్నారు. 2024 అక్టోబరులో చెన్నై వేళచ్చేరిలో కూడా జనం కార్లన్నీ తెచ్చి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టారు.

ఇప్పుడైతే మీ పాలసీ కాగితం తీసి, అదనపు కవర్ల దగ్గర ఇంజిన్ ప్రొటెక్ట్, జీరో డిప్రిసియేషన్ అన్నవి ఉన్నాయో లేదో చూడండి. కారు పెట్రోలా డీజిలా, ఎన్నేళ్లది, నీళ్లు సీటు పైకి ఎన్ని అంగుళాలు వచ్చాయో ఇక్కడ రాయండి. సాయంత్రం బాబాయికి ఫోన్ చేసి అడిగి చెబుతాను.