పాఠకుల ప్రశ్నలు: నీటికన్నా తేలికైన ఉక్కు

ప్రశ్న: జూల్ వెర్న్ జలాంతర్గామి నవల 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' పాత ఇంగ్లీషు ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుండగా, మా అబ్బాయి కొత్త అనువాదమే కావాలని పట్టుబడుతున్నాడు. కథ ఒకటే కదా, డబ్బు దండగ కాదా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఈ విషయంలో నేను మీ అబ్బాయి పక్షమే. ఫ్రెంచిలో ఈ నవల 1869 మార్చి నుంచి 1870 జూన్ వరకు ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. దాన్ని మొదట ఇంగ్లీషులోకి తెచ్చినవాడు లూయిస్ పేజ్ మెర్సియర్ అనే క్రైస్తవ మతాచార్యుడు. ఆయన మూలంలో ఐదో వంతుకు తక్కువ కాకుండా కోసేశాడు. ఆ కోతలో ఎక్కువగా పోయింది వెర్న్ ఇష్టంగా రాసుకున్న శాస్త్ర విషయమే. కోత కన్నా తప్పులు మరీ ఘోరం. కథలోని జలాంతర్గామి నాటిలస్ పొడవు 70 మీటర్లనీ, వెడల్పు 8 మీటర్లనీ దాని యజమాని కెప్టెన్ నెమో తన అతిథికి లెక్క కట్టి చూపించే అధ్యాయం ఒకటుంది. ఓడ బరువుకూ అది తోసే నీటి బరువుకూ మధ్య తేడాను ట్యాంకుల్లో నీళ్ళు నింపి సరిచేస్తే పూర్తిగా మునుగుతుందన్నది ఆ లెక్క సారాంశం. ఓడ పైతొడుగు ఉక్కు నీటికన్నా 7.8 రెట్లు సాంద్రమైనదని వెర్న్ అక్షరాల్లో, 'ఏడు, పైన పదింట ఎనిమిది వంతులు' అన్న తీరులో రాస్తే, మెర్సియర్ దాన్ని నీటి సాంద్రతలో 0.7 నుంచి 0.8 వంతుగా మార్చాడు. అంటే బెండులా నీటిపై తేలే ఉక్కు అన్నమాట! నెమో చేతికి అటువంటి లోహాన్నిచ్చి, ఆ పైన వెర్న్‌కు సైన్సు రాదని నవ్విన ఇంగ్లీషు పాఠకులు తరాల తరబడి ఉన్నారు.

అయితే మంచి అనువాదం కావాలంటే కొనే తీరాలన్న నియమమూ లేదు. ఆక్స్‌ఫర్డ్ వారు 1998లో వేసిన విలియం బుచర్ అనువాదం, పెంగ్విన్ వారు 2017లో వేసిన డేవిడ్ కవర్డ్ అనువాదం కొనదగినవి. ఫ్రెడరిక్ పాల్ వాల్టర్ చేసిన పూర్తి అనువాదం మాత్రం పాత పుస్తకాలను ఉచితంగా అందించే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితంగానే ఉంది. మెర్సియర్‌దీ అక్కడే ఉంది కనుక డౌన్‌లోడ్ చేసే ముందు అనువాదకుడి పేరు చూడాలి. పేరు వేయని చవక ప్రతి చేతికొస్తే రెండో అధ్యాయం తెరవండి. కథ చెప్పే ప్రొఫెసర్ అరోనాక్స్ నెబ్రాస్కాలోని 'బ్యాడ్‌ల్యాండ్స్' అనే కోతపడ్డ బీడు నేలల నుంచి తిరిగొచ్చానంటాడు. మెర్సియర్‌కు ఆ పేరు తెలియక 'నెబ్రాస్కా అనే అప్రియమైన ప్రాంతం' అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ మాట కనిపిస్తే అది పాత సరుకే.

ప్రశ్న: ఈ నవలను తెలుగు చేస్తే పేరులోని 'లీగు'ను 'ఆమడ' అనవచ్చా? అంత లోతుకు దిగడం సాధ్యమేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: అది లోతు కాదు, నీటి కింద సాగిన ప్రయాణం పొడవు. వెర్న్ లీగు 4 కిలోమీటర్లు కనుక మొత్తం 80,000 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టూ రెండు ప్రదక్షిణలు. లోతే అయితే ఓడ భూమిని చీల్చుకుని అవతలికి పోయి ఇంకా చాలా దూరం వెళ్ళాలి, ఎందుకంటే భూమి వ్యాసమే 13,000 కిలోమీటర్లు లేదు. ఫ్రెంచి పేరులో 'సముద్రాలు' అన్న బహువచనం ఉంది. ఇంగ్లీషులో అది ఏకవచనం కావడంతో ఈ అపోహ మరింత బలపడిందని నా అనుమానం. ఇక ఆమడ అంటే మన పెద్దల లెక్కలో నాలుగు క్రోసులు, సుమారు ఎనిమిది మైళ్ళు. ఆ మాట వాడితే ప్రయాణం మూడింతలు దాటిపోతుంది. సుమారు రెండు మైళ్ళ క్రోసే లీగుకు దగ్గర. 'సముద్రాల కింద ఇరవై వేల క్రోసులు' అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

ప్రశ్న: కెప్టెన్ నెమో భారతీయుడని విన్నాను. పుస్తకమంతా వెదికినా ఆ మాట దొరకలేదు. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఆ పుస్తకంలో దొరకదు. ఈ నవల రాస్తున్నప్పుడు నెమోను రష్యా అణచివేతలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలండ్ దొరగా చూపాలని వెర్న్ అనుకున్నాడు గానీ, ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోకపోవడంతో పుట్టుక మరుగునే ఉండిపోయింది. అయినా జాడ ఉంది. సింహళ తీరాన ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుణ్ణి సొరచేప నోటి నుంచి కాపాడి, అతని చేతిలో ముత్యాల సంచి పెట్టాక, అతను అణగారిన దేశవాసి అనీ, తన చివరి శ్వాస వరకు తానూ ఆ దేశంవాడినేననీ నెమో అంటాడు. అసలు గుట్టు వెర్న్ 1874, 75లలో వచ్చిన తన మరో నవల 'ది మిస్టీరియస్ ఐలాండ్'లో విప్పాడు: నెమో బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, టిప్పు సుల్తాన్ బంధువు, 1857 తిరుగుబాటులో పోరాడిన డక్కర్ యువరాజు. ఇక్కడా అనువాదంతోనే చిక్కు. కింగ్‌స్టన్ పేరిట వచ్చిన పాత ఇంగ్లీషు ప్రతిలో మరణశయ్య మీది నెమో బ్రిటిష్ పాలనపై పలికిన నిరసనను ఇంగ్లీషు పాఠకులు నొచ్చుకుంటారని తీసేశారు. మన యువరాజు మాట మనకు చేరాలంటే 2001లో వచ్చిన సిడ్నీ క్రావిట్జ్ అనువాదమో, జోర్డన్ స్టంప్ అనువాదమో చదవండి. మీ చేతిలోని ప్రతిలో ఆ కథలోని ఇంజినీరు పేరు సైరస్ స్మిత్‌కు బదులు హార్డింగ్ అని ఉంటే, అది కింగ్‌స్టన్ ప్రతే.