ఆవ మొక్కల బొగ్గుల కాడ్మియం ఎటు పోయింది: సమాధానం

తమ్మీ, పాత బ్యాటరీల తుక్కు పడ్డ మట్టిల విషపు లోహాలు గుంజనీకె ఆవ మొక్కలు పెంచి, వాటిని 750 డిగ్రీల దగ్గర పైరాలిసిస్ (గాలి లేకుండ వేడి చేసి బొగ్గు చేసుడు) చేస్తే బొగ్గుల సీసం లెక్క సరిపోయింది గానీ కాడ్మియం సగం గూడ దొరకలే అన్నవ్ గదా, నీ మిషన్ తప్పేం లేదు, వేడే ఎక్కువైంది. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతది, సీసం 1,749 దాకా ఆగుతది, పైగా లోపల గాలి లేదు, చుట్టూ కార్బనే, గందుకని కాడ్మియం ఆక్సైడు లోహమై ఆ 767 దాకా గూడ ఆగకుండ ఆవిరై గ్యాస్ తోని పోతది. 400-450 దగ్గర చేసి చూడు, చాలావరకు బొగ్గులనే ఉంటది. లోపలికి పంపే నైట్రోజన్ గ్యాస్ జర స్లో పెట్టు, బూడిద లేచిపోకుండ.

పాత రన్‌ది పారెయ్యకు మల్ల. తారు పక్కకు తీసి టెస్టుకియ్యి, కండెన్సర్ (ఆవిరి చల్లబడే) పైపులు సాఫ్ చేసినంక పల్చటి నైట్రిక్ యాసిడ్‌తోని కడిగి ఆ నీళ్లు గూడ చూపియ్యి, తప్పిపోయింది ఎక్కువ గాడ్నే దొరకాలె.

ఇంగ ఆ బొగ్గు మిర్చి చేనుల ఎయ్యొచ్చా అన్నవ్, అసలే వద్దు, మట్టిలకెళ్లి తీసింది మల్ల మట్టిలకే పోతది, రేపు అదే వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలకెక్కుతది. లీచింగ్ టెస్టు (బొగ్గులకెళ్లి లోహం నీళ్లల్లకు ఎంత దిగుతదో చూసే పరీక్ష) చేయించు, ఫెయిలైతే కాలుష్య మండలి వాళ్లను అడిగి దుండిగల్ దిక్కు ప్రమాదకర వ్యర్థాల సైటుకు పంపుడే.