ఎడారి నదిలో గుంపుగా కయాక్ క్యాంపింగ్: ఎవరి పడవలో ఏముందో ముందు చూసుకోండి

ప్రశ్న: "ఫీనిక్స్‌లో ఉంటాం. పదకొండు మంది స్నేహితులం కలిసి యూటా వైపు నాలుగు రోజుల కయాక్ క్యాంపింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఏ కయాక్ కొంటే మంచిది? ఏమేం సామాను కావాలి?"

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) సంగతి చివర్లో చెప్తాను. మీ ప్రశ్నలో నా కన్ను పడింది "పదకొండు మంది" అన్న మాట దగ్గర.

నేను ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉంటాను. ఎడారి నదుల మీద ఇలాంటి ట్రిప్పులు ఐదు చేశాను, అందులో మూడింటికి ప్లాన్ మొత్తం నాదే. మంచి కయాక్ లేకో, ఖరీదైన టెంట్ లేకో ఇవి చెడిపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఏ వస్తువు ఏ పడవలో ఉందో, ఆ పడవ ఎంత వెనకపడుతుందో ముందే ఆలోచించుకోకపోతే మాత్రం తప్పకుండా చెడిపోతాయి. రెండేళ్ళ కిందట నాకే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మేం వెళ్ళింది యూటాలో గ్రీన్ రివర్ మీద లాబిరింత్ కెనియన్ అనే లోయకి. రూబీ రాంచ్ దగ్గర పడవలు నీళ్ళలోకి దింపితే 45 మైళ్ళ తర్వాత మినరల్ బాటమ్ దగ్గర ఒడ్డెక్కాలి. 1869లో ఆ దారిన పడవల్లో వెళ్ళిన అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ నది మెలికలు చూసే ఆ లోయకి ఆ పేరు (లాబిరింత్ అంటే చిక్కుదారి) పెట్టాడు. బోనాట్ బెండ్ అనే చోట నది ఏడు మైళ్ళు చుట్టు తిరిగి, తిరగడం మొదలెట్టిన చోటికి పావు మైలు దూరంలోకి వచ్చేస్తుంది. మధ్యలో ఉన్న రాతి గట్టు ఎక్కితే అటు నదీ కనపడుతుంది, ఇటు నదీ కనపడుతుంది. దారంతా సుడులూ రాపిడ్సూ లేని నీళ్ళు. అందుకే కొత్తవాళ్ళకి ఎవరైనా ముందు ఇదే చెప్తారు, నేనూ ఇదే చెప్తాను. కాకపోతే వసంతకాలంలో మధ్యాహ్నం దాటాక ఆ లోయలో ఎదురుగాలి లేస్తుంది. దాని సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు.

మేం తొమ్మిది మందిమి. రెండు టాండెమ్‌లు (ఇద్దరు కూర్చునే కయాక్‌లు), ఐదు సింగిళ్ళు (ఒక్కరివి). సామాను నేనే సర్దాను, ఇంట్లో సర్దినట్టే సర్దాను. వంటకి సంబంధించినవన్నీ ఒక చోట: స్టవ్, గిన్నెలు, బియ్యం, కందిపప్పు, నూనె, ఆవకాయ సీసా. అదంతా అన్నయ్యా వదినల టాండెమ్‌లో పెట్టాను. (సొంత అన్నయ్య కాదు, ఇక్కడ పన్నెండేళ్ళ పరిచయం.) నీళ్ళ క్యాన్లన్నీ రెండో టాండెమ్‌లోనూ, బలంగా తెడ్డు వేసే ఇద్దరు కుర్రాళ్ళ సింగిళ్ళలోనూ కట్టాం. టాయిలెట్ డబ్బా (మలాన్ని వెనక్కి మోసుకొచ్చేది) నా పడవలో. అప్పట్లో నాకు అది చాలా పద్ధతిగా అనిపించింది.

మొదటి రోజు హాయిగా గడిచింది. మూడు చీలిక లోయలు ఒక్క చోట కలిసే ట్రిన్ ఆల్కోవ్ దగ్గర ఆగి పులిహోర తిన్నాం. రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి గాలి మొదలైంది. తెడ్డు వేయడం ఒక్క నిమిషం ఆపితే పడవ వెనక్కి వెళ్ళిపోతోంది. వంట పడవలో సామాను ఎత్తుగా పేర్చాం కదా, గాలి మొత్తం దానికే తగులుతోంది. కుర్రాళ్ళు పౌరుషం కొద్దీ ముందుకి లాగేశారు, వాళ్ళని అందుకోవాలని నేనూ లాగాను. గంటలో చెట్టుకొకరం పుట్టకొకరం అయిపోయాం. ఆ నదిలో ఒక వంపు దాటితే వెనక వంపు కనపడదు. వస్తున్నారులే, వస్తున్నారులే అనుకుంటూనే ఐదింటికి ఒక ఇసుక తిన్నె ఎక్కి తలలు లెక్కపెడితే ఆరుగురిమే ఉన్నాం. అన్నయ్య, వదిన, వాళ్ళ పక్కన సింగిల్‌లో వస్తున్న తమ్ముడు లేరు.

అరగంట చూశాం. ఎండ కొండ గోడ పైకి ఎక్కేసింది, కింద చలి దిగిపోయింది. ఫోన్లకి సిగ్నల్ ఉండదు. నా దగ్గర శాటిలైట్ మెసెంజర్ ఉంది. దాంతో ఫీనిక్స్‌లో ఉన్న మా ఆవిడకి మెసేజ్ పెట్టగలను గానీ, వెనకెక్కడో ఉన్న వదినకి పెట్టలేను, ఎందుకంటే ఉన్న ఒక్కటీ నా దగ్గరే ఉంది. ఒడ్డు వెంట వెనక్కి నడుద్దామని బయల్దేరాను. టామరిస్క్ పొదలు మనిషి దూరలేనంత దట్టంగా ఉన్నాయి. పొదలు లేని చోట బురద మోకాళ్ళ దాకా దిగింది. ఒక చెప్పు అందులోనే పోయింది. రెండొందల గజాలు కూడా వెళ్ళలేక తిరిగొచ్చాను.

ఆ రాత్రి మా దగ్గర తొమ్మిది మందికి సరిపడా నీళ్ళున్నాయి, తినడానికి మాత్రం చేగోడీలు, రెండు ప్యాకెట్ల వేరుశనగ చిక్కీ తప్ప ఏమీ లేవు. ఆకలి గురించి ఎవరూ మాట్లాడలేదు. అరగంటకోసారి విజిల్ వేశాం. అవతలి కొండ మా విజిల్‌నే మాకు తిరిగి పంపేది. అది విని ప్రతిసారీ ఎవరో ఒకరు "అదిగో" అని లేచేవాళ్ళు. నేను నిద్రపోలేదు.

తెల్లారి గాలి లేవకముందే ఇద్దరం ఎదురెక్కి వెళ్దామని పడవలు ఖాళీ చేస్తుంటే, వంపు దగ్గర నారింజ రంగు కయాక్ ముక్కు కనపడింది. ప్రాణం లేచొచ్చింది. వదిన పడవ దిగుతూనే అడిగిన మొదటి మాట, "రాత్రి ఏం తిన్నారయ్యా?" అని. అడుగుతూనే స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. అన్నం, పప్పుచారు.

వాళ్ళకి జరిగింది ఇది. గాలికి తెడ్డు వేసీ వేసీ వదిన మణికట్టు వాచిపోయింది. చీకటి పడేలోపు ఒడ్డు పట్టాలని మాకు రెండు మైళ్ళ వెనకే ఆగిపోయారు. వాళ్ళ దగ్గర స్టవ్ ఉంది, బియ్యం ఉన్నాయి, తాగే నీళ్ళు మాత్రం మూడు సీసాల అడుగున మిగిలినవే. నదిలో నీళ్ళేమో పాలు పోసిన టీలా ఉన్నాయి. ఫిల్టర్ పెట్టి లాగితే నాలుగు గ్లాసులకే పూడుకుపోయింది.

వదినది కోనసీమలో ఒక లంక ఊరు. గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు ఇంట్లో బిందె నీళ్ళు ఎలా తేర్చాలో చిన్నప్పుడే చేతికి వచ్చిన మనిషి. వాళ్ళ నాయనమ్మ ఇండుపగింజ అరగదీసి కలిపేదట, అమ్మ కాలానికి పటిక వచ్చింది. నది నీళ్ళు బురదగా ఉంటాయని నేను ఎప్పుడో మాటల్లో అన్నానట, అది గుర్తుపెట్టుకుని ఇండియన్ స్టోర్‌లో కొన్న పటిక ముక్కని పోపుల డబ్బాలో వేసి తెచ్చింది. మాకెవరికీ చెప్పలేదు. మడత బకెట్ నిండా నీళ్ళు ముంచి, పటిక చేత్తో పట్టుకుని నీళ్ళలో ఏడెనిమిది చుట్లు తిప్పి, కదలని చోట పెట్టింది. కాసేపటికి బురద విరిగిన పాలలా తునకలు తునకలుగా కట్టి కిందికి దిగడం మొదలెట్టిందట. గంటకి పైన తేట తేలింది. అడుగు కదలకుండా గ్లాసుతో పైపైన తీసి, చున్నీలో వడగట్టి, తెర్లేదాకా కాచారు. పటిక బురదని దించుతుంది తప్ప క్రిములని చంపదు కాబట్టి కాచడం తప్పనిసరి. ఇక్కడి పడవల వాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే పటిక వాడతారని నాకు తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి నేను సర్దే పద్ధతి పూర్తిగా మారిపోయింది. ఎవరి నీళ్ళు వాళ్ళ పడవలోనే, ఇందులో మొహమాటం లేదు. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు లెక్కేసుకోండి. నాలుగు రోజులకి పదహారు లీటర్లు, అంటే పదహారు కిలోలు. మీ పదకొండు మందికీ కలిపి 176 కిలోల నీళ్ళే అవుతాయి, దాన్ని ఏ ఒక్క పడవా మోయలేదు. ప్రతి పడవలో పొయ్యి అక్కర్లేని ఒక పూట తిండి ఉండాలి. అటుకులు, కందిపొడి, నెయ్యి సీసా, చపాతీలు, ఏదైనా పర్వాలేదు. అందరికన్నా నెమ్మదిగా వెళ్ళే పడవ ముందు నడవాలి, దాన్ని ఎవరూ దాటకూడదు. బాగా అనుభవం ఉన్నవాళ్ళు చివర రావాలి. ప్రతి వంపు దగ్గరా ఆగి తలలు లెక్కపెట్టాలి. కుర్రాళ్ళకి విసుగొస్తుంది, రానివ్వండి.

మనుషుల సంఖ్య ఎనిమిది దాటకూడదని నా గట్టి అభిప్రాయం. పదకొండు మంది పడవలు గాలిలో ఒకరి కేక ఒకరికి వినపడే దూరంలో ఉండవు. అంతమంది పట్టే ఇసుక తిన్నె సాయంత్రం వెతికితే దొరకదు. మీరు పదకొండు మందే వెళ్తామంటే రెండు జట్లుగా విడిపోండి. ప్రతి జట్టుకీ విడిగా స్టవ్, టాయిలెట్ డబ్బా, శాటిలైట్ మెసెంజర్ ఉండాలి.

టాయిలెట్ విషయంలో మనవాళ్ళు సిగ్గుపడి ముందు మాట్లాడుకోరు, అక్కడికెళ్ళాక గొడవ. లాబిరింత్‌కి పర్మిట్ ఉచితమే, బీఎల్‌ఎమ్ (అమెరికా ప్రభుత్వ భూములు చూసే సంస్థ) ఇస్తుంది. కానీ మలాన్ని డబ్బాలో మోసుకుని బయటికి తేవడం తప్పనిసరి. మంట వేస్తే ఇనప పళ్ళెంలోనే వేయాలి, బూడిద కూడా వెనక్కి తేవాలి. మూత్రం మాత్రం ఇసుకలో కాకుండా నదిలోనే పోయమంటారు. వాన లేని చోట ఇసుకలో పోస్తే ఆ వాసన నెలల తరబడి పోదు, పెద్ద నదిలో కలిస్తే కొట్టుకుపోతుంది. గంగమ్మ తల్లి అనుకునే మనకి ఇది మింగుడు పడదు. మా జట్టులో ఒకావిడ రెండు రోజులు ఒప్పుకోలేదు. ఇలాంటివి ఇంట్లో, కాఫీ తాగుతూ, బయల్దేరకముందే మాట్లాడుకోవాలి.

డబ్బు కూడా అంతే. నేను వాట్సాప్ గ్రూప్ పెట్టినప్పుడు ఇరవై రెండు మంది "వస్తాం" అన్నారు. కయాక్‌ల అద్దె, షటిల్ (నది దగ్గర దింపి, వెనక్కి తెచ్చే వ్యాన్) అడ్వాన్సు కట్టమన్న రోజున తొమ్మిది మంది మిగిలారు. మధ్యలో ఆరు వారాలు తేదీల మీద ఓటింగులతోనే పోయాయి. కాబట్టి తేదీ మీరే నిర్ణయించి, ముందు డబ్బు తీసుకుని, తర్వాత గ్రూప్‌లో చేర్చుకోండి. నిష్ఠూరాలు వస్తాయి. పడవల లెక్క తేలకపోవడం కన్నా అవే నయం.

టైమ్ సంగతి మర్చిపోకండి. వేసవి టైమ్ నడిచే నెలల్లో యూటా మనకన్నా గంట ముందు ఉంటుంది, అరిజోనాలో గడియారం మార్చం కదా. దారిలో నవాహో నేషన్ అనే ఆదివాసుల స్వపాలిత ప్రాంతంలో మళ్ళీ వాళ్ళు మారుస్తారు. మా వాళ్ళ ఒక కారు "ఎనిమిదికే వచ్చాం" అంటూ తొమ్మిదింటికి వచ్చింది. షటిల్ వ్యాన్ గంటసేపు మా కోసం ఆగాల్సి వచ్చింది.

లైఫ్ జాకెట్ గురించి నాకు రాజీ లేదు. మా ట్రిప్పులో ఇద్దరు "నీళ్ళు కదలట్లేదు కదా" అని విప్పి పడవ మీద పెట్టుకున్నారు. తొడుక్కునే దాకా పడవలు కదలనివ్వలేదు. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోనే వుడ్స్ కెనియన్ సరస్సు మీద గడ్డకట్టిన మంచు విరిగి, మా చాండ్లర్ నుంచి వెళ్ళిన ముగ్గురు తెలుగువాళ్ళు చనిపోయారు. ఆ వారమంతా ఇక్కడ ఏ ఇంటికెళ్ళినా అదే మాట. ఆ నీళ్ళు కూడా కదలనివే. ఈత రానివాళ్ళని తీసుకెళ్ళొద్దని అనను, మనలో చాలామందికి రాదు. వచ్చినా రాకపోయినా నీళ్ళ మీద ఉన్నంతసేపూ బకిల్ పెట్టుకునే ఉండాలి.

ఇక కయాక్. కొనొద్దు. యూటాలో మోయాబ్ అనే ఊళ్ళో అద్దెకిచ్చేవాళ్ళు పడవలతో పాటు రూబీ రాంచ్ దాకా దింపి, మినరల్ బాటమ్ నుంచి వెనక్కి తెచ్చే ఏర్పాటు కూడా చేస్తారు. ఆ మట్టి ఘాట్ రోడ్డు మీద సొంత కారుతో తంటాలు పడక్కర్లేదు. వాన పడితే ఆ రోడ్డు మీద ఏ బండీ కదలదు, అందుకని ఆఖరి రోజుకి ఒక రోజు అదనంగా సెలవు పెట్టుకోండి. ఏప్రిల్ మొదటి సగం గానీ, సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా గానీ చూడండి. మే, జూన్‌లో మంచు కరిగిన నీళ్ళొచ్చి ఇసుక తిన్నెలు మునిగిపోతాయి, దిగడానికి చోటు దొరకదు. జూలై, ఆగస్టుల్లో వానలకి పక్క లోయల్లోంచి ఉన్నట్టుండి వరద దూకుతుంది.

ఎన్ని టాండెమ్‌లు, ఎన్ని సింగిళ్ళు అన్నది మీ మనుషుల్ని బట్టి ఉంటుంది. మీ పదకొండు మందిలో అందరికన్నా నెమ్మదిగా తెడ్డు వేసేది ఎవరో, వాళ్ళు గాలి లేని రోజు ఏదైనా చెరువులో గంటకి ఎంత దూరం వెళ్ళగలరో ఒకసారి చూసి ఇక్కడ రాయండి. దాన్ని బట్టి రోజుకి ఎన్ని మైళ్ళు పెట్టుకోవాలో లెక్క వేసి చెప్తాను.